పద్నాలుగమ్మకొచ్చిన రెండు సీట్ల కారు

డిపోలో ఆమెను అందరూ పద్నాలుగమ్మ అంటారు. పద్నాలుగో నంబరు బస్సును పంతొమ్మిదేళ్ళుగా ఆమే నడుపుతోంది కాబట్టి ఆ పేరు. అసలు పేరు డ్యూటీ చార్టు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. మెట్ల మీద వేలాడే వాళ్ళను అద్దంలోంచి చూసి ఒక్క మాట అంటే చాలు, నోరెత్తకుండా లోపలికి సర్దుకుంటారు. అలాంటి మనిషి ఒక మంగళవారం మధ్యాహ్నం రెండో ట్రిప్పు ముగించి, టీ గ్లాసు చేతిలోకి తీసుకోగానే వచ్చిన ఫోను విని, టీ సంగతే మరిచిపోయి నిలబడిపోయింది.

ఫోను చేసింది పెదనాన్న.

"తల్లీ, నా కళ్ళు ఇంక లాభం లేదని డాక్టరు తేల్చేశాడు. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలీట్లేదు. ఈ ఇల్లు ఖాళీ చేసి, నేనూ మీ పెద్దమ్మా చిన్న ఫ్లాటులోకి మారిపోతున్నాం. అక్కడ కారుకి చోటు లేదు. నువ్వొచ్చి తీసుకెళ్ళు."

"నాకెందుకు పెదనాన్నా?"

"నీకు కాక ఇంకెవరికిస్తాను? మన ఇంట్లో మిగిలింది నువ్వొక్కదానివే. వద్దంటే చెప్పు, పాత కార్లు పోగేసే ఆయనొకాయన వెంటపడుతున్నాడు. నెలాఖరు దాకా ఆగమన్నాను."

"చూస్తాను," అని ఫోను పెట్టేసింది. చూసేదేముంది? ఆ కారంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళుమంట.

ఆ మంట సంగతి చెప్పాలంటే వాళ్ళ తాతయ్య దగ్గర మొదలుపెట్టాలి. తాతయ్య ఒక కంపెనీలో గుమస్తా. ఆ కంపెనీలో పెద్ద ఇంజినీరు ఒకాయన దేశాంతరం పోతూ పోతూ తన ఎర్రటి రెండు సీట్ల కారును షెడ్డులో వదిలేసి పోయాడు. పైన టాపు గుడ్డది, మడిచేస్తే ఆకాశమే టాపు. ముందు భాగం బారెడు పొడుగు, కూర్చునే చోటు మాత్రం జానెడు. ఇంజను పట్టేసి ఉండటంతో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తాతయ్య ఏ గాలి సోకిందో ఏమో, దాన్ని తాడు కట్టించి ఇంటికి లాక్కొచ్చాడు. నానమ్మా మేనత్తలూ ముక్కున వేలేసుకున్నారు. అప్పుడు తాతయ్య చిన్నకొడుకుకి పదిహేడేళ్ళు. ఆ కుర్రాడు సెలవుల్లో ఆ ఇంజను విప్పి, నట్లూ బోల్టులూ దుప్పటి మీద పరిచి, ఎనిమిది నెలలు కుస్తీ పట్టి చివరికి దాన్ని గుర్రుమనిపించాడు. అతనే పద్నాలుగమ్మ నాన్న.

గుర్రుమన్న కొద్ది నెలలకే తాతయ్య ఇంటిల్లిపాదినీ నిలబెట్టి ఒక మాట అన్నాడట: "పెద్దోడు నడుపుతాడు, చిన్నోడు చూసుకుంటాడు." అంతే, అదే ఆ ఇంటి చట్టమైపోయింది. తాతయ్య పోయాక కూడా దాన్ని ఎవరూ మార్చలేదు. పెదనాన్న నడిపాడు. పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, తలకు రుమాలు కట్టించి, ఊరంతా తిప్పాడు. నాన్న చూసుకున్నాడు. ఒక మోటారు వర్క్‌షాపులో ఆరు రోజులు ఇంజన్లు బాగుచేసి, ఏడో రోజు ఆదివారం పొద్దున్నే పెదనాన్న ఇంటికెళ్ళి ఆ కారు కింద దూరేవాడు. అమ్మ చిన్నప్పుడే పోవడంతో పద్నాలుగమ్మ కూడా నాన్న వెంట వెళ్ళేది. స్పానర్లు అందించడం ఆమె పని.

ఆ ఆదివారాల్లో ఆమెను అన్నిటికంటే రగిలించింది ఒక దృశ్యం. వైర్ల పని పడినప్పుడల్లా నాన్న డాష్‌బోర్డు కింద తల దూర్చి, కాళ్ళు బయటికి చాపి, వెల్లకిలా పడుకునేవాడు. పెదనాన్న తెల్లచొక్కా నలగకుండా సీట్లో కూర్చుని, కిందికి వంగి చూస్తూ, "ఎరుపు... కాదురా, అది ఆకుపచ్చ... పక్కది, ఆఁ, అదీ ఎరుపు" అంటూ అజమాయిషీ చేసేవాడు. నాన్న కిక్కురుమనకుండా చెప్పిన తీగ పట్టుకునేవాడు. ఇంజనంతా అరచేతిలో గీతల్లా తెలిసిన మనిషికి ఎర్ర వైరు ఏదో ఈయన చెప్పాలా? స్పానరు పట్టుకుని నిలబడ్డ పదేళ్ళ పిల్ల పళ్ళు నూరుకునేది.

ఒకసారి దారిలో అడిగేసింది. "నాన్నా, కారు బాగుచేసింది నువ్వు కదా. నువ్వెందుకు నడపవు?"

"నాకు కిందే బాగుంటుందిలేమ్మా," అని నాన్న నవ్వేశాడు. "పైన గాలెక్కువ."

ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. లొంగిపోయిన మనిషి నవ్వు అది అనుకుంది. పెద్దదవుతున్నకొద్దీ ఆ అనుకోవడమే గట్టిపడింది. పెదనాన్నతో అవునూ కాదూ తప్ప మాటలు తగ్గించేసింది. బస్సు డ్రైవరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిందంటే సగం తిండి కోసం, సగం ఆ కసితోనే. మా ఇంట్లో స్టీరింగు పట్టుకునే వాళ్ళు మీరొక్కరే కాదు అని ఎవరికో చూపించాలని. ఆరేళ్ళ కిందట నాన్న పోయాడు. ఆ స్టీరింగు వెనక ఒక్కసారైనా కూర్చుని రోడ్డు చూడకుండానే పోయాడు. అప్పటి నుంచీ ఆమె పెదనాన్న గడప తొక్కలేదు.

ఇప్పుడు ఆ కారే ఆమె నెత్తికొచ్చింది.

ఆమె భర్త టైలరు. ఇంటి కింద వీధి గదిలో మిషను పెట్టుకుని ప్యాంట్లకు మడతలు కుడుతూ, మనిషి నడక చూసి నడుము కొలత చెప్పేస్తాడు. విషయం విని మిషను ఆపకుండానే, "వద్దంటే వద్దను. కావాలంటే తెచ్చుకో. ఇలా మొహం మాడ్చుకుని అన్నం మాత్రం వండకు, కూరకి కూడా ఆ రుచే వస్తోంది," అన్నాడు.

ఆమె రెండు రోజులు ఆలోచించింది. కారు తీసుకుంటే నాన్నను కింద పడుకోబెట్టిన వాళ్ళతో చేతులు కలిపినట్టే. తీసుకోకపోతే నాన్న ఎనిమిది నెలల కుస్తీ, ముప్పై ఏళ్ళ ఆదివారాలు ఎవరో తెలియని మనిషి గోదాములోకి పోతాయి. చివరికి ఆమె తనకు తగ్గ తీర్మానమే చేసుకుంది. తెస్తుంది. బాగుచేస్తుంది. నాన్న నడపలేని కారును నాన్న కూతురిగా ఊరంతా ఒక్క రోజు నడుపుతుంది. ఆ తర్వాత ఆ పాత కార్ల ఆయనకే అప్పజెప్పి చేతులు దులుపుకుంటుంది.

పెదనాన్న ఇంటికెళ్ళి మొహమాటం లేకుండా ఆ మాటే చెప్పింది. "తీసుకుంటాను. కానీ ఉంచుకోను."

పెదనాన్న ఆమె గొంతు వచ్చిన వైపు మొహం తిప్పాడు. మనిషి సగమయ్యాడు. చొక్కా మాత్రం ఇప్పటికీ తెల్లగానే, ఇస్త్రీతోనే ఉంది. "నీ ఇష్టం తల్లీ," అన్నాడు. తర్వాత గోడ పట్టుకుంటూ షెడ్డులోకి వచ్చి, చెయ్యి చాచి కారు తలుపు తడిమి, "చలికి స్టార్టు కాదు. రెండుసార్లు చోకు లాగి, మూడోసారి వదిలెయ్యి. తొందరపెడితే అలుగుతుంది," అన్నాడు. ఆమె బయట లారీవాణ్ణి కేకేసింది. పెద్దమ్మ టీ తెచ్చేలోపే చిన్న లారీ మీదికి కారెక్కించి బయలుదేరిపోయింది.

టైలరు మిషను పక్కకు జరిపి చోటిస్తే కారు వీధి గదిలో ఇమిడింది. ఇమిడిందంటే, ప్యాంటు కొలతలిచ్చే వాళ్ళు కారు మీంచి చెయ్యి చాచి ఇవ్వాల్సి వచ్చింది. ఇంజనుకు పెద్దగా జబ్బేమీ లేదు. నాన్న చేతి పని అలాంటిది. ప్లగ్గులు మార్చి, ఆయిలు మార్చి, బ్రేకులు చూస్తే సరిపోయింది. లైట్లే వెలగలేదు.

ఆదివారం పొద్దున ఆమె డాష్‌బోర్డు కింద తల దూర్చింది. లోపల గుడ్డ తొడుగు వైర్లు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఏళ్ళ దుమ్ముకి రంగులన్నీ వెలిసి ఒకే మట్టి రంగులోకి తిరిగాయి. ప్రతి వైరుకీ చివర నల్లదారం ముక్కలేవో చుట్టుకుని, ముళ్ళు ముళ్ళుగా వేలాడుతున్నాయి. పద్నాలుగమ్మ తన బస్సులో ఎక్కడైనా దారం వేలాడితే సహించదు. సీటు కవరు నుంచి, కడ్డీ నుంచి, ఎవరో కట్టి వదిలేసిన రిబ్బను నుంచి, ఎక్కణ్ణుంచైనా సరే, కత్తిరించి పారేస్తేనే బండి తీస్తుంది. చెయ్యి ఊరుకుంటుందా? టైలరు కత్తెర తీసుకుని ఎడమ వైపు నుంచి మొదలుపెట్టి, శుభ్రంగా, వరసగా, ఆ దారాలన్నీ కత్తిరించేసింది. కుడి వైపుకొచ్చేసరికి మెడ పట్టేసింది. మిగతావి తర్వాత చూద్దామని బయటికొచ్చి, కొన్ని వైర్లు విప్పి, తుడిచి, తిరిగి బిగించింది.

బిగించాక హారను నొక్కితే వైపర్లు ఊగాయి. ఎడమ ఇండికేటరు వేస్తే హారను మోగింది. బ్రేకు తొక్కితే మీటరు లైటు వెలిగింది. టైలరు మిషను మీద తల పెట్టి నవ్వాడు. "ఇది కారు కాదే, మీ మేనత్త. ఒకటి అడిగితే ఇంకోటి చెబుతుంది."

మర్నాడు డిపో ఎలక్ట్రీషియను వచ్చాడు. ఈ పనిలో ఎన్నిసార్లు షాకు తిన్నాడో లెక్కలేదు కాబట్టి అతన్ని అందరూ షాకన్న అంటారు. చిన్న బల్బు పట్టుకుని ఒక్కో తీగా వెతుక్కుంటూ సాయంత్రం దాకా తంటాలు పడ్డాడు. ఎడమ వైపు పనే రోజంతా తినేసింది. కుడి వైపు తీగలు వాటి చోట్లలోనే ఉన్నాయి కాబట్టి వాటిని కదపలేదు. "వీటిని విప్పకముందు గుర్తులేవీ లేవా అక్కా?" అని అడిగాడు. "ఏ గుర్తులూ లేవు," అంది ఆమె ఖండితంగా.

తర్వాతి ఆదివారం పొద్దున టాపు మడిచి, కారును వీధిలోకి తీసింది. పంతొమ్మిదేళ్ళుగా మేడ మీద కూర్చున్నంత ఎత్తులో కూర్చుని రోడ్డును చూసిన మనిషి, ఇప్పుడు రోడ్డు మీద చాప వేసుకున్నట్టు కూర్చుంది. లారీ చక్రాలు మొహం పక్కనే తిరుగుతున్నాయి. మొదటి మలుపులో అలవాటుకొద్దీ వెనక నలభై అడుగుల బస్సు ఉన్నట్టు అవతలి అంచు దాకా వెళ్ళి తిప్పింది. పాలవాడు సైకిలు దిగి దణ్ణం పెట్టాడు. రెండో మలుపు బాగానే తిప్పింది. మూడో మలుపు దాటి, వేగం తగ్గించి, ఎడమకు తీసి, నిదానంగా, పద్ధతిగా ఆపింది.

ఆపాక చూసుకుంటే ఎదురుగా బస్‌స్టాపు. పద్నాలుగో నంబరు స్టాపు.

స్టాపులో పదిమంది నోరు తెరుచుకుని చూస్తున్నారు. రోజూ ఆ బస్సెక్కే ముసలావిడ సంచీ చంకన పెట్టుకుని ముందుకొచ్చి, కారును ముందు నుంచి వెనక దాకా చూసి, "ఏం పద్నాలుగమ్మా, ఉతికితే బస్సు ముడుచుకుపోయిందా?" అంది. జనం గొల్లుమన్నారు. పద్నాలుగమ్మకు కూడా నవ్వాగలేదు. ముసలావిడను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని నాలుగు స్టాపులవతల దింపింది. ఆవిడ దారి పొడుగునా చీర కొంగు పట్టుకుని, "నెమ్మదిగా తల్లీ, నెమ్మదిగా," అంటూనే, దిగాక మాత్రం, "ఇంకొంచెం తిప్పకపోయావా?" అంది.

నవ్వు అక్కడిదాకానే. ముసలావిడ దిగాక, ఖాళీ రోడ్డు మీద గేరు మారుస్తూ, "చూడు నాన్నా, నడుపుతున్నాను," అని పైకే అంది. అన్నాక ఏదో పొంగుకొస్తుందని ఎదురుచూసింది. ఏమీ రాలేదు. గెలిచినట్టు లేదు, తీరినట్టూ లేదు. పక్క సీటు ఖాళీగా ఉంది, అంతే. ఎవరి మీద గెలవాలనుకుందో ఆయన కళ్ళు పోయి ఇంట్లో కూర్చున్నాడు. ఎవరి కోసం గెలవాలనుకుందో ఆయన లేనే లేడు. చాలా దిగులేసింది ఆమెకు. ఊరంతా తిరగాల్సిన మనిషి సగం నుంచే ఇంటికి తిప్పుకొచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి టైలరు మిషను మీద ఒక తెల్లగుడ్డ పరిచి, దాని మీద ఆమె కత్తిరించి ఊడ్చేసిన నల్లదారాలు ఏరి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇలా రా. ఇవి ఎవరివి?"

"కారువి. చెత్త."

"చెత్త కాదు. దారం సంగతి నాకు చెప్పకు. ఇది ఊడిన దారం కాదు, కట్టిన దారం. మైనం పట్టించి కట్టాడెవరో. ఇదిగో, దీనికి ఒకటే ముడి. దీనికి రెండు. ఇది మూడు. ఇలా మళ్ళీ రెండు, మళ్ళీ ఒకటి. పొరపాటున ఇన్నిసార్లు ఇలా పడవు ముళ్ళు. ఎవరో వేళ్ళతో తడిమి తెలుసుకోడానికి కట్టుకున్నాడు."

పద్నాలుగమ్మ ఒక దారం చేతిలోకి తీసుకుంది. మైనం పట్టించిన దారం. నాన్న దగ్గర డబ్బాలో ఎప్పుడూ ఉండేది. ఆ ముడి కూడా ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఆమె జడ రిబ్బనుకు నాన్న వేసిన ముడి, రెండు తిప్పులు తిప్పి అడుగు నుంచి లాగేది. అలాంటివి సగం పైగా తనే కత్తిరించేసింది.

"తడిమి ఎందుకు? నాన్నకి కళ్ళు బాగానే ఉన్నాయిగా!"

"ఆ సంగతి నన్నడిగితే నాకేం తెలుసు? తెలిసిన మనిషి ఒకడున్నాడు. పో," అన్నాడు టైలరు.

ఆ మధ్యాహ్నమే వెళ్ళింది. పెదనాన్న సామాను సర్దిన అట్టపెట్టెల మధ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె మాటలేమీ పెట్టుకోకుండా దారాలు తీసి ఆయన అరచేతిలో పోసింది. ఆయన బొటనవేలితో ఒక్కోటి తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"రెండు ముళ్ళు ఎరుపు," అన్నాడు చివరికి. "ఒకటి ఆకుపచ్చ. మూడు గోధుమ రంగు. వాడు వైరు మార్చినప్పుడల్లా నేను చెప్పేవాణ్ణి, వాడు ముడి వేసుకునేవాడు. ఎందుకు తెంపావు తల్లీ?"

"చెత్తనుకున్నాను," అంది ఆమె. "నాన్నకి రంగులు... కనిపించవా?"

"ఎరుపూ ఆకుపచ్చా వాడికి ఒకటే. పుట్టుకతోనే అంత. లైసెన్సుకి వెళ్తే చుక్కల బొమ్మల పుస్తకం చూపించారు, చుక్కల్లో అంకె కనిపెట్టమని. ఒక్కటీ చెప్పలేకపోయాడు. పొమ్మన్నారు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. అప్పుడు మీ తాతయ్య ఆ మాటన్నాడు, పెద్దోడు నడుపుతాడు, చిన్నోడు చూసుకుంటాడు అని. వాడు నడపలేడని చుట్టాలకి తెలీకూడదని తన పెత్తనంగా చేసి చెప్పాడు. అసలే మెకానిక్కు. రంగులు తెలీవంటే ఎవడు బండి చేతిలో పెడతాడు? మీ నాన్న నాతో ఒట్టేయించుకున్నాడు, ఎవరికీ చెప్పనని. నీకు మరీ మరీ చెప్పొద్దన్నాడు."

"నాకెందుకు చెప్పొద్దన్నాడు?"

"కూతురి ముందు తక్కువవుతానని."

పద్నాలుగమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెప్పకపోవడం వల్లే ముప్పై ఏళ్ళు తక్కువ చేసి చూసింది తండ్రిని. లొంగిపోయిన మనిషనుకుంది. డ్రైవరు ఉద్యోగానికి కళ్ళ పరీక్ష జరిగిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు నాన్న వర్క్‌షాపు మానేసి, డిపో గేటు బయట ఎండలో పొద్దుటి నుంచి నిలబడ్డాడు. ఆడపిల్ల బస్సు నడపడం ఇష్టం లేక అలా మొహం వేలాడేశాడనుకుంది. బయటికి రాగానే ఆయన అడిగిన మొదటి మాట, "చుక్కల పుస్తకం చూపించారా? అంకెలు కనిపించాయా?" కనిపించాయనగానే నాన్న గేటు కడ్డీ పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. ఎండ దెబ్బ అనుకుని ఆమె నీళ్ళు తెచ్చింది. ఇన్నేళ్ళూ అది ఎండ దెబ్బే అనుకుంది.

"మన కారు ఏ రంగన్నయ్యా అని అడుగుతూ ఉండేవాడు," పెదనాన్న అన్నాడు. "ఎరుపురా అనేవాణ్ణి. బాగుంటుందా అనేవాడు. చాలా బాగుంటుందిరా అంటే సంతోషపడేవాడు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు పెత్తనం చేస్తున్నావనుకున్నాను పెదనాన్నా. ముప్పై ఏళ్ళు తిట్టుకున్నాను నిన్ను. తప్పైపోయింది."

"తిట్లన్నీ వెనక్కి తీసేసుకోకు," అన్నాడాయన. "కొన్ని ఉంచు. పనికొస్తాయి."

ఆయన గొంతులో హాస్యం లేదు. ఆమె తలెత్తి చూసింది.

"రోడ్డు మీద నడపడానికి లైసెన్సు కావాలి. సిగ్నళ్ళు తెలియాలి. నిజమే. కానీ ఖాళీ మైదానంలో ఏ సిగ్నలు ఉంటుంది చెప్పు? ఊరవతల ఎన్ని మైదానాలున్నాయి! ఒక్క ఆదివారం... ఒక్కటంటే ఒక్కటి, వాణ్ణి తీసుకెళ్ళి, దా తమ్ముడూ, కూర్చో అంటే ఏం పోయేది? అనలేదు నేను. వాడు అడగలేదు కాబట్టి ఇవ్వలేదని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. కారు నాదని అలవాటైపోయింది. స్టీరింగు ఇంకొకరి చేతికివ్వాలంటే ప్రాణం ఒప్పేది కాదు. వాడు నడిపేస్తే నేనేంటి మరి? ఇంజను వాడిదే, పనీ వాడిదే, నడపడం కూడా వాడికొస్తే ఇంక నాదంటూ ఏముంది? ఇది మీ పెద్దమ్మకి కూడా చెప్పలేదు. నీకు చెప్పాలనే కారు నీకిచ్చాను. కారు కాదు తల్లీ నేను ఇస్తున్నది, నా తప్పు నీ చేతిలో పెడుతున్నాను. నన్నేం చెయ్యమంటావో చెప్పు."

క్షమించానని ఒక్క మాట అంటే ఆ ముసలాయన ప్రాణం తేలికపడుతుందని పద్నాలుగమ్మకు తెలుసు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ క్షమించాల్సింది ఆమె కాదు. ఆమె ఎవరు నాన్న తరఫున ఇచ్చెయ్యడానికి? దారాలు ఆయన చేతిలోంచి తీసుకుని, రుమాల్లో కట్టుకుని లేచి వచ్చేసింది.

మూడు రోజులు బస్సు నడిపింది. ఒక స్టాపులో ఆపడం మరిచిపోయి తిట్లు తింది. టైలరేమో కారు కుడి వైపు మిగిలిన దారాల జోలికి ఎవరూ వెళ్ళకుండా అక్కడొక గుడ్డ కట్టి ఉంచాడు. ఎడమ వైపు తీగలకు ముళ్ళు కట్టమంటే కడతానన్నాడు. వద్దంది. తను తెంపింది తెంపినట్టే ఉండనీ అంది.

నాలుగో రోజు సెలవు పెట్టింది. పొద్దున పది గంటలకు కారేసుకుని పెదనాన్న ఇంటి ముందు ఆపి, హారను కొట్టింది. ఈసారి హారనే మోగింది.

"ఎక్కడికి?" అన్నాడు పెదనాన్న, పెద్దమ్మ చెయ్యి పట్టి సీట్లో కూర్చోబెడుతుంటే.

"పని ఉంది. ముందు ఆ పాత కార్ల ఆయనకి ఫోను చేసి చెప్పు, కారు ఇవ్వడం లేదని."

ఆయన అక్కడే కూర్చుని ఫోను చేసి చెప్పాడు. ఆమె విననట్టు రోడ్డు వంక చూసింది.

డిపో వెనక కొత్త డ్రైవర్లకు నేర్పే మైదానం ఉంది. శనివారాలు అక్కడ నేర్పేది ఆమే కాబట్టి తాళం ఆమె దగ్గరే ఉంటుంది. ఆ రోజు శిక్షణ లేదు. అడ్డంగా పెట్టే డ్రమ్ములన్నీ ఒక మూలకు దొర్లించి ఉన్నాయి. చుట్టూ గోడ, మధ్యలో బల్లపరుపు నేల. ఆమె లోపలికి తీసుకెళ్ళి, గేటుకి లోపలి నుంచి గడియ పెట్టి, కారును నట్టనడుమ ఆపింది. దిగి చుట్టూ తిరిగి వచ్చి, పెదనాన్న తలుపు తీసింది.

"దిగు. ఇటు రా."

ఆయన చెయ్యి పట్టుకుని అవతలి వైపు తీసుకెళ్ళి, డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది. చెయ్యి స్టీరింగుకు తగలగానే ఆయనకు అర్థమైంది.

"పిచ్చి పట్టిందా నీకు? నాకు కళ్ళు లేవు!"

"నాకున్నాయి. నేను చెబుతాను, నువ్వు నడుపు. ఇక్కడ సిగ్నళ్ళు లేవు, మనుషులు లేరు. ఎవరికీ లైసెన్సు అక్కర్లేదు."

ఆ చివరి మాటకు ఆయన మొహం పాలిపోయింది. తర్వాత చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. ఆయన మోచేతులు ఆమె ఎప్పుడూ చూడలేదు.

చోకు రెండుసార్లు లాగి, మూడోసారి వదిలాడు. ఇంజను అందుకుంది. మొదటి గేరులో కారు ముందుకు కదిలింది.

"నేరుగా. నేరుగానే పోనీ. ఇంకా చాలా ఉంది నేల. ఇప్పుడు రెండో గేరు. కుడికి తిప్పు... ఇంకొంచెం... చాలు, వదులు. బాగుంది. మళ్ళీ కుడికి."

శనివారాలు కొత్తవాళ్ళతో మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది. ఆయన తల కొద్దిగా వంచి, ఆమె మాట తప్ప లోకంలో ఇంకేదీ లేనట్టు విన్నాడు. గాలికి జుట్టు లేచింది. పెదవులు విడివడ్డాయి. కారు పెద్ద గుండ్రం చుట్టి, బయలుదేరిన చోటికే వచ్చింది.

"బ్రేకు," అంది.

ఆగింది. పెదనాన్న రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి, ఎదురుగా కనిపించని మైదానం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఇంత తేలికా?" అన్నాడు.

"ఏది?"

"ఇవ్వడం."

కాదని ఓదార్చవచ్చు. అప్పటి రోజులు వేరు, నీ ఇబ్బందులు నీవి అని ఏదో ఒకటి అనవచ్చు. ఆమె అనలేదు.

"అవును పెదనాన్నా. ఇంత తేలికే."

ఆయన స్టీరింగు మీదికి వంగి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పద్నాలుగమ్మ ఆపమనలేదు, దిగి వెళ్ళిపోనూ లేదు. ఆయన వీపు మీద చెయ్యి వేసి, ఏడుపు దానంతటదే తగ్గేదాకా కూర్చుంది. తనూ ఏడ్చింది. తర్వాత రుమాలు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇంకో చుట్టు తిప్పు," అంది. "ఇది నాన్నది."

పెదనాన్న మొహం తుడుచుకుని క్లచ్చు తొక్కాడు.